బోధన్ పియానోకు పసుపు బొట్లు

పియానో ఒక్కసారి చూడనివ్వమని మూడు ఉత్తరాలు రాశాను. బోధన్ సంగీత సభ కార్యదర్శి ఒక్కదానికీ జవాబివ్వలేదు. పదకొండేళ్ల కిందట ఆయన, పెళ్లి బరాత్‌లలో కీబోర్డు వాయించే నన్ను చూసి, "పియానో పెద్దోళ్ల సంగీతం. నువ్వు ముట్టకు" అన్నాడు. నేనది మరవలేదు. మొన్న సభవారి పాత హాలు కూల్చేస్తున్నారనీ, పియానోను బెల్లం బట్టీకి కట్టెల కింద ఇచ్చేశారనీ తెలిసి, గురువారం బయలుదేరాను.

నిజామాబాద్ బస్టాండులో 9:10కి బస్సు. ఎదురొచ్చే ప్రతి ట్రాక్టరూ పియానోనే మోసుకుపోతున్నట్టనిపించి కిటికీలోంచి తొంగి చూసేవాణ్ణి. దగ్గరికొస్తే చెరకు. పక్క సీటులో ఎడపల్లికి పోయే అక్క, "ఏమన్నా, గిట్ల సెమటలు పడుతున్నయి, దవాఖానకా?" అంది.

"పియానో సూడ పోతున్న."

"పిల్లను సూడ పోతున్నవేమో అనుకున్న!" అని నవ్వింది.

10:20కి దిగి, చాయ్ తాగి, హాలుకు నడిచాను. తాళంచెవి కాపలా అవ్వ దగ్గరుంది. "నాలుగ్గొట్టంగ ట్రాక్టరొస్తదట. జల్ది సూడు బిడ్డా" అంది. కప్పు నుంచి పెచ్చులు రాలుతున్నాయి. ఎలుకలు తినేసి ఉంటాయేమోననుకుంటూ పియానో మూత ఎత్తాను.

ప్రతి మీటకూ పసుపు, కుంకుమ బొట్టు.

"దసరాకు నాగళ్లు, కొడవండ్లు మొక్కుతం గద. గిది గూడ పనిముట్టే. ఏటా నీళ్లతోని కడిగి బొట్టు పెడుత" అంది అవ్వ.

ఆ నీళ్లకే నడిమి మీటలు ఉబ్బి బిగుసుకున్నాయి. నొక్కినా కదల్లేదు. "నేనే ఖరాబు జేసిన్నా?" అని అవ్వ భయంగా అడిగింది. రెండు చివర్లా పలికే మీటలతోనే బరాత్ పాట ఒకటి వాయించాను.

"ఇరవై ఏండ్ల సంది కడుగుతున్న గని, దీని గొంతు ఇయ్యాలనే ఇంటున్న" అందామె.

కదలబుద్ధి కాక అక్కడే ఉండిపోయాను. నాలుగింటికి ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు మూత కింద చూసి చేతులు జోడించాడు. "బొట్టు వెట్టినదాన్ని మంటల ఎయ్యనే అవ్వా. నాకు పెండ్లాం పిల్లలున్నరు." ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

"కార్యదర్శి సారు సోమారం ఇంకో బండి పంపుతడు బిడ్డా" అంది అవ్వ, తాళం వేస్తూ.

అయిదింటి బస్సులో తిరిగొస్తుంటే మళ్లీ ట్రాక్టర్లు. ఈసారి చెరకు కనిపించినా, సోమవారం దాకా రోజులు లెక్కపెట్టుకున్నాను.

కార్యదర్శి గారూ, ఇరవై ఏళ్లలో ఆ పెద్దోళ్ల సంగీతాన్ని మీ సభలో ఒక్కరైనా వాయించారా? దాన్ని ముట్టుకున్నది కడిగిన అవ్వా, బరాత్ వాడూ. పియానో మాకివ్వండి, బాగుచేయించుకుంటాం. సోమవారం బండి వచ్చేలోపు, ఈ నాలుగో ఉత్తరానికైనా జవాబివ్వండి.