సూదమ్మ ఊది చూసిన పిల్లి

సూదమ్మ అసలు పేరేమిటో ఆమె మొగుడికి కూడా కాస్త ఆలోచిస్తే గాని గుర్తురాదు. పదహారో ఏట మేనమామ కొట్లో బొచ్చు కోట్లు కుట్టడం నేర్చుకోవడానికి చేరింది. వారం తిరిగేసరికి సూదమ్మ అయిపోయింది. ఇప్పుడామెకు నలభై మూడేళ్లు. అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో వేలితో తడిమి చెప్పేస్తుంది. అంత చెయ్యి తిరిగిన మనిషి.

ఆ పనివాళ్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. తోలు చేతికి రాగానే బొచ్చు మీద ఉఫ్‌మని ఊదుతారు. వెంట్రుకలు రెండు పాయలుగా విడిపోయి అడుగున నూగు ఎంత దట్టంగా ఉందో, చర్మం ఏ రంగులో ఉందో కనబడుతుంది. సూదమ్మకు ఈ అలవాటు బాగా ముదిరిపోయింది. ఒకసారి కిక్కిరిసిన బస్సులో ముందు నిలబడ్డ ఒకావిడ కోటు బొచ్చు కాలరు మీద ఊదేసింది. ఆవిడ గిరుక్కున తిరిగి ఎగాదిగా చూసింది. "నక్క అని చెప్పి కుందేలు అంటగట్టారండీ మీకు," అని సూదమ్మ ఉన్న మాట చెప్పింది. పాపం, సూదమ్మే ఆ తర్వాతి స్టాపులో దిగి మిగతా దారంతా నడవాల్సి వచ్చింది.

మేనమామకు ముక్కు మీదే కోపం. డెబ్బై దాటినా కత్తి పట్టాడంటే చెయ్యి వణకదు. కత్తెర పెడితే బొచ్చు తెగుతుందని తోలు వైపు నుంచి సన్నటి కత్తితో కోస్తాడు. ఊళ్లో ఉన్నవాళ్లందరికీ బొచ్చు కోట్లు కుట్టిపెట్టి, తను మాత్రం మోచేతుల దగ్గర అతుకులేసిన పాత ఉన్ని కోటుతోనే చలికాలాలు నెట్టుకొస్తాడు. "పిసినారి! సొంత సరుకు ఒంటికి తగిలితే అరిగిపోతుందని భయం," అని వీధంతా నవ్వుకుంటుంది. సూదమ్మా నవ్వేది.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం ఆమె కూతురి చెయ్యి పట్టుకుని, కూరల సంచీతో తమ మేడ మెట్లు ఎక్కుతోంది. పై అంతస్తు టీచరమ్మ గారి బూడిద రంగు పిల్లి మెట్టు మీద పడ్డ ఎండలో ఒళ్లు విరుచుకుని పడుకుంది. సూదమ్మ ఆగింది. వంగింది. ఊదింది.

"ఇరవై రెండు పడతాయి," అంది పైకే.

"ఏవమ్మా ఇరవై రెండు?" అంది కూతురు.

ఒక కోటుకు ఇలాంటి తోళ్లు ఇరవై రెండు పడతాయని చెప్పబోయి సూదమ్మ ఆగిపోయింది. విడిపోయిన బొచ్చు నడుమ గులాబి రంగు చర్మం కనిపించింది. అది ఒక్కసారి చిన్నగా వణికింది. కింద పొట్ట లేస్తూ దిగుతూ ఉంది. పిల్లి ఒక కన్ను తెరిచి, ఊదింది ఈవిడే కదా అన్నట్టు చూసి మళ్లీ మూసుకుంది. ఇరవై ఏడేళ్లలో సూదమ్మ ఊదిన తోలు ఏదీ కదలలేదు. ఇది కదిలింది. ఆమె గుండెల్లో రాయి పడింది.

ఆ రోజు కోడికూర వండటానికి ముక్కలు కడుగుతుంటే ఈకలు పీకిన చోట చిన్న చిన్న గుంతలు కనబడ్డాయి. ఇన్నాళ్లూ కనబడనివి కావు, చూడనివి. కూరయితే వండింది గాని తన కంచంలో వేసుకోలేదు. మొగుడు బస్సు డ్రైవరు, ఆకలికి ఆగలేడు. "నీ వంతు కూడా నాకేనా? ఈ భక్తి రోజూ ఉండాలే!" అని లాగించేశాడు. చేప మాత్రం మానలేకపోయింది. "చేపకు బొచ్చుండదనా అమ్మా?" అని కూతురు నిలదీస్తే ఇంకో ముక్క ఆ పిల్ల కంచంలో వేసింది. పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది?

ఇంట్లో సంగతి ఎలాగో నడిచిపోతుంది. కొట్లో ఏం చెయ్యాలి? పాత కోట్లు బాగుచేయడానికి ఆమెకు అభ్యంతరం లేదు. చంక దగ్గర చిరిగినవి, లోపలి గుడ్డ మాసినవి, కొక్కేలు ఊడినవి. ఆ ప్రాణం ఎప్పుడో పోయింది, దాన్ని చెత్తలో పడెయ్యడం మరీ అన్యాయం అనిపించేది. కొత్త తోలు బల్ల మీద పరిస్తే మాత్రం చెయ్యి ముందుకు కదిలేది కాదు. అందుకని ఒక అబద్ధం ఆడింది, మణికట్టు నొప్పి అని.

అబద్ధమైతే ఆడింది గాని దాంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. అరిచి గోల చేసే మేనమామ మరునాడే నొప్పికి నూనె తెచ్చి, దీపం మీద వెచ్చచేసి, తనే స్వయంగా ఆమె మణికట్టుకు మర్దనా చేయడం మొదలుపెట్టాడు. రోజూ చేశాడు, నెల రోజులు. నొప్పి లేని చేతిని ముసలాయన పట్టిపట్టి రుద్దుతుంటే సూదమ్మ తల ఎత్తలేకపోయేది. అంత సిగ్గు ఆమె జన్మలో ఎరగదు.

ఇంతలో పెద్ద లాయరు గారి భార్య కొత్త కోటు కావాలని వచ్చింది. సూదమ్మ చేతి కుట్టే కావాలని పట్టుబట్టింది. మేనమామ ఒప్పుకున్నాడు. "ఈ కోటు పని నీదే తల్లీ. నాకు చూపు ఆనడం లేదు. ఇది పూర్తయ్యాక తాళాలు నీ చేతిలో పెట్టేస్తా," అన్నాడు. కొట్టు ఆమెదవుతుంది. కాదంటే కొట్టూ పోతుంది, మామయ్యా దూరమవుతాడు. సోమవారం నుంచే పని మొదలు.

సోమవారం పొద్దున వెళ్లేసరికి ఆయన తోళ్లు తడిపి ఉంచాడు. తడిపిన తోలు ఆగదు. అప్పటికప్పుడు సాగదీసి, పలక మీద అంచు పొడుగునా మేకులు కొట్టాలి. ఆలస్యమైతే ముడుచుకుని పాడవుతుంది. సుత్తి ఆమె చేతికిచ్చి, "నొప్పిగా ఉంటే మెల్లిగా కొట్టు," అన్నాడు.

ఆ మాటతో ఆమె ఆగలేకపోయింది. సుత్తి బల్ల మీద పెట్టేసింది.

"నా చేతికి నొప్పి లేదు మామయ్యా. ఏనాడూ లేదు."

పిల్లి సంగతి, కోడి సంగతి, మొత్తం చెప్పేసింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"నెల రోజులు నూనె రాయించుకున్నావా! నీకు అన్నం పెట్టిన పనే ఇది! నీ పెళ్లి, నీ పిల్ల చదువు, అన్నీ ఈ బల్ల మీంచే! ఇవాళ పిల్లిని చూసి పుణ్యాత్మురాలివయ్యావా?"

"కాలేదు మామయ్యా. చేప తింటూనే ఉన్నా. నా కాళ్లకున్నవీ తోలు బూట్లే. ఇదొక్కటీ మాత్రం నా వల్ల కావట్లేదు."

తోళ్లు ఎండిపోతాయి గనక ఆయన సుత్తి తనే తీసుకుని మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. చూపు ఆనక రెండుసార్లు వేలి మీద కొట్టుకున్నాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఏడ్చింది. వెళ్లిపొమ్మని ఆయన అనలేదు, ఉండమనీ అనలేదు.

మధ్యాహ్నానికి పని ముగిసింది. భోజనానికి ఇంటికెళ్దామని ఆయన మేకుకున్న ఉన్ని కోటు తీసి తొడుక్కుంటున్నాడు. మోచేతి అతుకు మళ్లీ ఊడింది. కుట్టిన కోట్లకు లెక్కే లేదు, మిగిలిన ముక్కలతో అయినా తనకొకటి కుట్టుకోవచ్చు గదా. ఇరవై ఏడేళ్లుగా నవ్విన సంగతి మొదటిసారి ఆమెకు వింతగా తోచింది.

"మామయ్యా, నువ్వు బొచ్చు కోటు ఎందుకు వేసుకోలేదు?"

ఆయన గుండీలు పెట్టుకుంటూ ఆగాడు.

"వేసుకున్నా. ఒక్కసారి. పని నేర్చుకుంటున్న రోజుల్లో నాకు నేనే కుందేలు తోలుతో చొక్కా మీద వేసుకునేది కుట్టుకున్నా. అది తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్లా. వీపు మీద ఎవరో ఊపిరి తీస్తున్నట్టు అనిపించింది. విప్పేశా." ఇంకో గుండీ పెట్టుకుని, "పని మానెయ్యడానికి ధైర్యం చాల్లేదే. ఎవరైనా అడిగితే ఏం చెప్పను? పిసినారి అన్నారు. హమ్మయ్య, అదే నయం అనుకున్నా," అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆయనకే నవ్వు వచ్చింది. యాభై ఏళ్ల పిసినారి పేరు గుర్తొచ్చి సూదమ్మ కూడా పకపకా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. గుండెల్లోని రాయి కాస్తా ఎక్కడికి పోయిందో పోయింది.

"ఈ లాయరమ్మ కోటు నేను ఒప్పుకున్నా గనక నేనే పూర్తి చేస్తా. అదే ఆఖరుది," అన్నాడాయన. "తర్వాత పాతవి బాగుచేసుకో. ఊళ్లో నేను కుట్టినవే నీకు సరిపోయేటన్ని ఉన్నాయి. కోడి మాత్రం నేను మానను, ఆ జోలికి నన్ను లాగకు!"

"నీ కోడి నీదే మామయ్యా. ఆ కోటు ఇటివ్వు, మోచెయ్యి కుట్టిపెడతాను," అంది సూదమ్మ.

ఆ సాయంత్రం తాళాలు ఆమె సంచీలో గలగలలాడాయి. మెట్ల మీద కూతురు పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సూదమ్మ పక్కనే చతికిలబడి, అలవాటు చొప్పున వంగి ఉఫ్‌మని ఊదింది.

"ఇప్పుడెన్ని పడతాయమ్మా?" అంది కూతురు.

"ఒకటే," అంది సూదమ్మ, వేళ్ల కొసలతో కాక అరచేత్తో పిల్లి వీపు నిమురుతూ. "దీని ఒంటికే సరిగ్గా సరిపోయింది."