మేనకోడలి కణాలు

మా అక్క కూతురికి రక్తపు క్యాన్సర్ తిరగబెట్టిందని చెప్పిన రోజు, ఇక మిగిలిన చికిత్స ఏమిటో డాక్టరు నోట రాకముందే నాకు తెలిసిపోయింది. నేను ఉద్యోగం చేసేది ఆ చికిత్సకు కావలసిన కణాలను తయారుచేసే చోటే. హైదరాబాద్ శివార్లలో, బయటి నుంచి చూస్తే గోదాములా కనిపించే తెల్లటి భవనం.

మా వాళ్లందరికీ నేను మందుల కంపెనీలో పనిచేసేవాణ్ణి. మందు అంటే బిళ్ల, లేదంటే సూది. మా దగ్గర తయారయ్యేది అలాంటిది కాదని ఎన్నోసార్లు చెప్పబోయి మానుకున్నాను. రోగి రక్తంలోంచే, రోగాలతో పోరాడే తెల్లకణాలను కొన్ని తీసి మాకు పంపుతారు. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే గుణం వాటికి కలిగించి, పోషక ద్రవంలో పెంచి, పరీక్షలన్నీ చేసి, గడ్డకట్టించి తిరిగి ఆ మనిషికే పంపుతాం. ఒకరివి ఇంకొకరికి పనికిరావు. ఒక్కో బ్యాగు వెనుక ఒక్కో మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎవరో మాకు తెలియదు, బ్యాగు మీద ఉండేవి అంకెలే.

మా మేనకోడలు జహీరాబాద్‌లో డిగ్రీ చదువుతుండేది. కోహీర్ దగ్గర వాళ్ల ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. బావది అల్లం సాగు. ఆ పిల్ల నోరు ఊరుకునేది కాదు. బస్సు కండక్టర్ ఎలా అరుస్తాడో, లెక్చరర్ దగ్గుతూ పాఠం ఎలా చెప్తాడో చేసి చూపిస్తుంటే, పొద్దంతా పొలంలో వంగి పనిచేసి వచ్చిన బావ కూడా కడుపు పట్టుకుని నవ్వేవాడు. మొదటిసారి జబ్బు వచ్చి జుట్టంతా రాలిపోయినప్పుడు, చున్నీ తీసి బోడిగుండు చూపించి, "మామా, ఇగ నూనె ఖర్చు లేదు" అంది. ఏడవడానికి సిద్ధపడి వెళ్లిన నన్ను అలా నవ్వించి పంపింది.

రెండోసారి అంత తేలిగ్గా తీసుకోలేకపోయింది. అయినా, తన కణాలు నేను పనిచేసే చోటికే వస్తాయని తెలిశాక మంచం మీద లేచి కూర్చుంది.

"నిజమా మామా? నా రక్తం నీ తానకే వస్తదా?"

"వస్తది బిడ్డా. కాని నేను ముట్టుకోను. మనోళ్లయి మనం చెయ్యొద్దని రూల్ ఉంది."

"ముట్టుకోకున్నా ఆడనే ఉంటవ్ గద. గంతే చాలు."

రక్తం తీసే రోజు నేను సెలవు పెట్టి దవాఖానలో ఉన్నాను. ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి వెళ్లి, కావలసిన కణాలు పక్కకు తప్పుకున్నాక మిగిలింది రెండో చేతిలోకి తిరిగి వస్తుంది. కొంతసేపటికి పెదవులు తిమ్మిరెక్కాయంది. నర్సు కాల్షియం ఇచ్చింది. అక్క దుప్పటి కప్పి, పాదాలు రుద్దుతూ కూర్చుంది. పైన వేలాడుతున్న చిన్న సంచిలో నీళ్లు కలిపిన టమాటా రసంలాంటిది మెల్లగా నిండుతుంటే ఆ పిల్ల దాన్నే చూస్తూ పడుకుంది.

"గిదేనా మామా నా ఫౌజు?"

ఆ రోజు నుంచి తన కణాలకు ఆమె పెట్టుకున్న పేరు అదే, సైన్యం అని. పొద్దున నేను డ్యూటీకి బయలుదేరేసరికి ఫోన్ వచ్చేది. "నా ఫౌజు ఎట్లుంది మామా? తింటున్నయా, లేదా?"

తింటున్నాయి. నిజంగానే బాగా పెరుగుతున్నాయి. ఆ గదిలోకి నేను అడుగుపెట్టలేదు గాని, ఆ బ్యాచ్ మావాళ్లదని ముందే రాసిచ్చాను కాబట్టి, లోపల పనిచేసే సహోద్యోగిని బయటికి వచ్చాక తల ఊపేది. అంతకుమించి తను చెప్పకూడదు, నేను అడగకూడదు. ఆ ఊపు చాలు నాకు. మా గదుల్లోకి వెళ్లడమంటే నగలు, గడియారం, పౌడరు, బొట్టు అన్నీ బయటే వదిలి, తల నుంచి పాదం దాకా తెల్లటి తొడుగులో దూరడమే. కళ్లు తప్ప ఏమీ కనపడవు. లోపలి గాలి వడకట్టి వస్తుంది. వేగంగా నడవకూడదు, చేతులు ఊపకూడదు. దాహమేసినా పని అయ్యేదాకా బయటికి రాలేం. కణాలను మరిగించి శుద్ధి చేయలేం, మందు కొట్టి పురుగును చంపలేం. అవి బతికి ఉండాలి, వాటి పక్కన ఇంకేదీ బతకకూడదు. మా కష్టమంతా ఆ ఒక్కదాని కోసమే.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉన్నప్పుడు మా పైఅధికారి నా ఎదురు కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ క్యాంటీన్‌కు రాడు. నా పళ్లెంలో అన్నం అట్లాగే ఉంది.

"పరీక్ష సీసా మసకబారింది," అన్నాడు. "రెండోసారీ చూశాం. బూజు. మీ పిల్ల బ్యాచ్ ఆపేశాం."

ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడినట్టున్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతామని, దవాఖానకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నామని, నన్ను ఇంటికి వెళ్లమని. కణాల ఎదుగుదల బాగుంది. బలం బాగుంది. క్యాన్సర్‌ను గుర్తుపట్టే గుణం బాగా కుదిరింది. మిగతా అన్ని పరీక్షల్లోనూ నెగ్గాయి. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది.

దవాఖాన వరండాలో అక్క నా చొక్కా పట్టుకుంది. డాక్టరు అంతకుముందే చెప్పాడు గాని, నా నోటితో చెబితే మరోలా ఉంటుందని ఆశపడ్డట్టుంది.

"తమ్మీ, అవి దాని కణాలే గదరా. దానియి దానికి ఇస్తే ఏమైతది? జర్రంత బూజుంటే ఉండనీ. దానికి మందులియ్యరా?"

"అక్కా, ఆ కణాలు ఎక్కించేముందు దాని ఒంట్లున్న పాత తెల్లకణాలను మందులిచ్చి తక్కువ చేస్తరు. కొత్తయాటికి జాగ కావాలె గద. అప్పుడు దానికి కొట్లాడే శక్తి ఉండదు. బూజు రక్తంల కలిస్తే ఊపిరితిత్తులకు పోతది, మెదడుకు పోతది. మందులు అందుకోవు."

"ఇయ్యకున్నా సస్తది గదరా!"

వరండాలో కూర్చున్నవాళ్లంతా మా వైపు తిరిగారు. నియమం నాకు తెలుసు. ఆ నియమం ఎందుకు పెట్టారో కూడా తెలుసు. బ్యాచ్ ఆపినవాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఆపేవాణ్ణే. ఇదేదీ మా అక్కతో అనగలిగే మాట కాదు.

బావ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"దుంపకుళ్లు లెక్కనా బామ్మర్దీ?" అని అడిగాడు.

అల్లం వేసేవాళ్లకు ఆ తెగులంటే భయం. విత్తనపు అల్లంలో ఒక్క దుంపకు మచ్చ ఉన్నా మడి మొత్తానికి పాకుతుంది. బావ ప్రతి ఏడూ చాప మీద దుంపలు పరిచి ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరడం నేను చూశాను.

"అట్లాంటిదే బావా."

"అయితే పారెయ్యవలసిందే," అన్నాడు. ఆ మాటన్నాక తువ్వాల మొహం మీద కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అంతవరకు చూడలేదు.

పిల్లకు చెప్పే పని నా మీద పడింది. నేను లోపలికి వెళ్లేసరికి ఆమె ఫోన్‌లో ఏదో చూస్తోంది. నా మొహం చూడగానే ఫోన్ పక్కన పెట్టింది. నేను చెప్పిందంతా వింది. తర్వాత ఒకే మాటంది.

"నువ్వు ఆడనే ఉన్నవ్ గద మామా."

అని గోడవైపు తిరిగింది. నేను ఆ మంచం పక్కనే నిలబడ్డాను. నేను ముట్టుకోలేదనీ, నా చేతిలో ఏమీ లేదనీ ఆమెకు తెలుసు. అయినా ఆ మాట అనడానికి ఆమెకు ఇంకెవరున్నారు? ఎంతోసేపయ్యాక, అటువైపే తిరిగి ఉండి, చెయ్యి వెనక్కి చాపింది. పట్టుకున్నాను. వేళ్లు సన్నగా, చల్లగా ఉన్నాయి.

ఆశ పూర్తిగా పోలేదు. ఆ రోజు దవాఖానలో తీసిన కణాల్లో కొన్నిటిని ముందే గడ్డకట్టించి దాచారు. వాటితో మళ్లీ మొదలుపెట్టారు. అవి తక్కువ, పైగా గడ్డకట్టించి కరిగించేసరికి కొన్ని చనిపోయాయి. మొదట కొంచెం పెరిగి ఆగిపోయాయి. మళ్లీ రక్తం తీద్దామంటే అప్పటికి అందులో జబ్బు కణాలే నిండిపోయాయి. సహోద్యోగిని బయటికి వచ్చేటప్పుడు ఇప్పుడు నా కళ్లలోకి చూసేది కాదు. పిల్ల కూడా పొద్దున ఫోన్ చేయడం మానేసింది. నేనే చేసేవాణ్ణి. ఎండలు ఎట్లున్నాయి, అల్లం విత్తనం తెచ్చారా, ఇలాంటివి మాట్లాడుకునేవాళ్లం.

చివరికి ఇంటికి తీసుకుపొమ్మని తనే అడిగింది. డాక్టరు నొప్పి మందులిచ్చి పంపాడు. అంబులెన్స్‌లో నేను పక్కన కూర్చున్నాను. జహీరాబాద్ అవతల చిరాగ్‌పల్లిలో ఆమె కాలేజీ స్నేహితురాలు ఉండేది. ఆ అమ్మాయి కోహీర్ మలుపు దాకా వచ్చి రోడ్డు పక్కన నిలబడింది. బండి ఆపించి తలుపు తీశాం. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో లారీల మోతలో నాకు వినపడలేదు. స్నేహితురాలు నవ్వడం మాత్రం కనపడింది. మా మేనకోడలు ఎవరి గొంతో అనుకరించినట్టుంది.

ఇంట్లో కొన్నాళ్లు ఉంది. బావ పొలానికి పోకుండా మంచం దగ్గరే కూర్చుంటుంటే, "పో బాపూ, విత్తనం ఎండిపోతది. నన్ను సూసుకుంట కూసుంటే అల్లం మొలుస్తదా?" అని కసిరింది. ఆయన పోయాడు. ఆ మధ్యాహ్నమే అక్క చెంచాతో మజ్జిగ పోస్తుంటే రెండు గుటకలు మింగి, మూడోది మింగలేదు. అక్కకు వెంటనే అర్థం కాలేదు. చెంచా పట్టుకుని, "మింగు బిడ్డా, మింగు" అంటూనే ఉంది. నేనే చెంచా తీసి కింద పెట్టాను.

పెళ్లి కాని పిల్ల కాబట్టి మా పద్ధతి ప్రకారం వాళ్ల మెట్ట చెలకలోనే పూడ్చారు. బావ చేతులకు అల్లం నాటిన మట్టి ఇంకా ఉంది.

మా దగ్గర విచారణ నెలల తరబడి సాగింది. గది మూసి ప్రతి మూలా పరీక్షించారు. గొట్టాలు కలిపే పద్ధతి మార్చారు. ఎక్కడి నుంచి వచ్చిందో ఖాయంగా తేలలేదు. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. పొద్దున లేస్తే కాళ్లు అటే నడిచేవి.

ఏడాది తిరిగాక అక్క కంటి పరీక్షకని నగరానికి వచ్చింది. నేను పనిచేసే చోటు చూస్తానంది. సందర్శకుల కోసం వరండాలో ఒక అద్దపు గోడ ఉంది. అక్కడిదాకా తీసుకెళ్లాను. లోపల తెల్ల తొడుగుల్లో ఇద్దరు మెల్లగా కదులుతున్నారు. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. తన ఊపిరి కూడా లోపలికి పోకూడదనుకుందేమో.

"దానియి మొత్తం కాలబెట్టిన్రా తమ్మీ?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "చెడిపోయినయి కాలబెట్టిన్రు అక్కా. మొదలు తీసిన రక్తంల నుంచి కొద్దిగ మాత్రం చిన్న సీసాల ఉంచిన్రు. తర్వాత పరీక్షకు అవసరం పడ్తదని అందరియీ ఉంచుతరు."

అక్క అద్దం నుంచి మొహం తిప్పింది. "బతికే ఉన్నయా?"

"గడ్డకట్టి ఉన్నయి. నిద్రపోతున్నట్టు."

"గంత చలిలనా?"

"చలిలనే."

"ఎన్నొద్దులు ఉంచుతరు?"

"కొన్నేండ్లు. అటెన్క తీసేస్తరు."

ఆమె మళ్లీ అద్దం వైపు తిరిగింది. సీసా చూపించమని అడుగుతుందేమో, ఇమ్మని అడుగుతుందేమో అని భయపడ్డాను. అడగలేదు.

"తీసేసిన్నాడు నాకు చెప్పకు," అంది. "మీ బావకు సుత చెప్పకు."

బస్టాండ్ దాకా వెళ్లి జహీరాబాద్ బస్సెక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలాక తల బయట పెట్టి, నన్ను పైనుంచి కింది దాకా చూసి, "జర తిను తమ్మీ, బక్కగైనవ్," అని అరిచింది. నేను చెయ్యెత్తాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె తల లోపలికి తీసుకోలేదు.