ఖాళీ లేని సంచి

జావా క్లాసు పదకొండింటికి అయిపోయేది. మా తర్వాతి క్లాసు నాలుగింటికి. మధ్యలో ఆ ఎండలో హాస్టల్‌కు పోవడమెందుకని మైత్రీవనం వెనక సందులో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునేవాళ్లం. అక్కడ ఆడే ఆన్‌లైన్ ఆటలో మాది ముగ్గురి జట్టు. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగిన నా క్లాస్‌మేట్ కత్తి పట్టేవాడు. హాస్టల్లో నా గదిలోనే ఉంటూ టెస్టింగ్ కోర్సు చదివే ఇంకొకతను విల్లు పట్టేవాడు.

నాది మోత. రొట్టెలు, కట్టు గుడ్డలు, కట్టెలు, తాడు అన్నీ నా సంచిలోనే. సంచికి ఇరవై గడులు, అంతే. ఇరవయ్యీ నిండితే గానీ నాకు కుదురుండేది కాదు. నగరానికి వచ్చేటప్పుడు సూది దారం, రెండు రకాల జలుబు మాత్రలు, రెండు గొడుగులు తెచ్చుకున్న మనిషిని. ఆటలో కూడా ఎండు రొట్టెను పారేయడానికి చేతులు రాలేదు.

“ఒక్క గడన్న ఖాళీ ఉంచు భాయ్. ఎవరన్న ఏమన్న పంపిస్తే ఏడ పెడ్తవ్?” అనేవాడు కత్తి మిత్రుడు. ఆ ఆటలో ఎవరైనా పంపిన వస్తువు నేరుగా సంచిలోకి వచ్చేది. చోటు లేకపోతే పంపినవాళ్ల దగ్గరికే తిరిగిపోయేది.

“నాకెవరు పంపుతారులే” అనేవాణ్ణి.

సంచిలో నిజంగా విలువైనది ఒక్కటే, ప్రాణజలం సీసా. చచ్చినవాడి మీద పోస్తే పడ్డచోటే లేస్తాడు. అది లేకపోతే కత్తీ కవచం అక్కడే పోగొట్టుకుని, మొదటి ఊరి గేటు దగ్గర ఉత్త చేతులతో మొదలుపెట్టాలి. మిత్రుడు వేసవంతా ఆడి సంపాదించుకున్న కత్తి అది. సీసా అతని కోసమేనని ముగ్గురం ముందే అనుకున్నాం.

ఒకరోజు గుహలో పోరు జోరుగా ఉంది. తెర మీదంతా పొగ. మా మధ్య చెక్క అడ్డాలు ఉండటంతో ఎవరి తెర వాళ్లకే కనబడేది. అడ్డం అవతలి నుంచి మిత్రుడు అరిచాడు: “గాయన పోయిండు! జర చూడు!”

మా ఊరి వైపు పోయాడంటే ప్రాణం పోయిందనే. వెంటనే విల్లు పట్టినవాడి పేరు నొక్కి సీసా మొత్తం పోసేశాను. అతను నిక్షేపంగా ఉన్నాడు. రెండింటి టెస్టింగ్ క్లాసుకు టైమైందని కుర్చీలోంచి లేచి పోయాడు, అంతే. రెండు నిమిషాల్లో మిత్రుడు చచ్చాడు. కత్తి గుహలో ఉండిపోయింది.

“పోయిండంటే క్లాసుకు పోయిండు భాయ్” అన్నాడు మెల్లగా. అరవలేదు.

తప్పు నాదని తెలుస్తూనే ఉంది. అయినా, “వెళ్లాడు అనాలి. పోయాడంటే అర్థం వేరు” అని అతనికి తెలుగు పాఠం చెప్పాను. క్షమాపణ అడగడం కన్నా అదే తేలిక మరి. అతను లేచి బయటికి నడిచాడు. సీసా పోయి ఖాళీ అయిన గడిలో గుహలో దొరికిన కట్టెలు పెట్టుకుని నేనూ లేచాను. ఆ తర్వాత క్లాసులో వేరే వరసలో కూర్చున్నాడు. నేనూ బెట్టు చేసి పది రోజులు ఆ సందు మొహం చూడలేదు.

చివరికి ఉండబట్టలేక సెంటర్‌కు వెళ్లి అడిగితే, ఓనర్ చెప్పాడు: “ఆయన పోయిండన్న. బెంగళూరుల నౌకరి వచ్చింది.”

ఈసారి ఆ మాట నాకు సరిగ్గానే అర్థమైంది.

ఆట తెరిచాను. అతని దగ్గర్నుంచి ఒక ఉత్తరం ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగులో రాశాడు. “నేను పోతున్న భాయ్. గిది నీ దగ్గర ఉంచుకో. గీసారి నిజంగ పోయినోనికే పొయ్యి.” దానికి ప్రాణజలం సీసా జతచేశాడట. ఉత్త చేతులతో మొదలుపెట్టినవాడు దాన్ని ఎలా సంపాదించాడో తెలీదు. కింద ఆటవాళ్ల మాట ఒక్క ముక్కే ఉంది. సంచిలో చోటు లేదు, వస్తువు తిప్పి పంపాం అని.

నాకు నిజంగా సిగ్గేసింది. సీసా తిరిగొచ్చింది చూసి, నేనే వద్దన్నాననుకుని ఉంటాడు. జవాబు రాశాను. అతను మళ్లీ ఆ ఆట తెరిచినట్టు లేదు. ఫోన్ నంబర్ ఎప్పుడూ తీసుకోలేదు, రోజూ కనిపించేవాడే కదా అని.

సంచి తెరిచి ఒక్కో గడీ చూశాను. తాడు ఉంది, కట్టెలున్నాయి. పన్నెండో గడిలో ఒకే ఒక్క ఎండు రొట్టె ఉంది. అప్పుడు పారేశాను దాన్ని.