రాట్నం పైన ఆగిన మధ్యాహ్నం

మొన్న ఆదివారం మా బిడ్డ కూతురు హైదరాబాదు నుంచి వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఏదో ఆటల పార్కులో దోస్తులతో కలిసి తలకిందులుగా వేలాడుతూ, కేకలు పెడుతూ, దిగగానే మళ్ళీ ఎక్కుదామని పరుగెత్తుతూ కనిపించింది. నీకిట్లాంటివి భయమా తాతా అని అడిగితే, నేను రవ్వంత కూడా తడుముకోకుండా, మా కాలంలో జాతరలో పెద్ద రాట్నం ఎక్కి, అది కొస మీద ఆగినప్పుడు లేచి నిలబడి జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నానని చెప్పాను. పిల్ల నోరు తెరిచింది. నలభై ఏళ్ళుగా ఈ ముచ్చటకు అందరూ నోరు తెరుస్తూనే ఉన్నారు. నా ఈడువాళ్ళయిన మీకు కూడా అసలు సంగతి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

మాది రాయికల్ పక్క పల్లె. మనకు అప్పుడు సరదాలు తక్కువా? కోరుట్లలో ఆదివారం ఆట, సినిమా వదిలాక హోటల్లో మిర్చిబజ్జీ, కాలువకు నీళ్ళు వదిలితే రోజంతా అందులోనే. వంతెన మీది నుంచి కాలువలోకి దూకేవాళ్ళలో నేనే మొదటివాణ్ణి అని రాయబోయాను. లేదు, దూకేవాళ్ళ బట్టలకు గట్టు మీద కాపలా కూర్చున్నవాళ్ళలో మొదటివాణ్ణి. ఎత్తంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం పోయేంత భయం.

ఇందులో సిగ్గుపడవలసింది ఏమిటంటే, మా బాపు, అంటే నాన్న, తాటిచెట్లు గీసేవాడు. నడుముకు మోకు వేసుకుని పొద్దున, మాపున చెట్లెక్కి కల్లు దింపితేనే మా పొయ్యి వెలిగేది. పదేళ్ళప్పుడు నన్ను కూడా మోకు కట్టి ఎక్కించబోతే, మనిషి ఎత్తు కూడా పోకముందే నా కాళ్ళు కొయ్యబారిపోయాయి, బాపే చంకలో వేసుకుని దింపాడు. ఆ తరువాత ఆయన ఆ మాట ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. నేనే బయట రోజుకు ముప్పై చెట్లు గీస్తానని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

తరువాత వానలు ముఖం చాటేశాయి. బావులు ఎండాయి, వనంలో తాళ్ళు కల్లు ఇవ్వడం మానేశాయి. ఇంటికొకడు దుబాయి బాట పట్టాడు. కల్లు పారే చెట్లు ఎక్కడో ఒకటి అరా మిగిలితే అవన్నీ బాగా పొడుగువి, వయసు మీదపడ్డ బాపు వాటిని ఎక్కుతుంటే నేను కింద నిలబడి ఆయన పాదాలు వణకడం చూసేవాణ్ణి. నేను పోయి సంపాదిస్తే తప్ప ఆయన చెట్టు దిగడని నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే ఒక ఏజెంటు వచ్చి, దుబాయిలో పెద్ద పెద్ద మేడలు కడుతున్నారు, పైన పని చేసేవాళ్ళు కావాలి అంటూ నన్ను ఎగాదిగా చూసి, "తాళ్ళెక్కే ఇంటి పోరడు, గీనికి ఎత్తంటే లెక్కనా?" అన్నాడు. నేను మీసం దువ్వాను. అప్పటికి నాకు మీసం సరిగా రాలేదు కూడా.

మా అక్కను తంగళ్ళపల్లిలో ఇచ్చారు. బావ సిరిసిల్లలో సాంచాల మీద కూలి చేసేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు కదా, అవి మూడు రోజులు ఆడితే నాలుగు రోజులు నిలిచిపోయే కాలం అది. నేను పోతున్నానని తెలిసి బావ కూడా అదే ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేశాడు. నేల మీద తప్ప ఎన్నడూ పని చేయని మనిషి, "నువ్వుంటే నాకేం భయం బామ్మర్ది, నీ వెనుకనే ఎక్కుత" అంటుంటే నేను మాట మార్చేవాణ్ణి. పైగా బొంబాయిలో ముందు ఇనుప గొట్టాల మీదికి ఎక్కించి పరీక్ష పెడతారని, కాళ్ళు వణికినవాణ్ణి అక్కడి నుంచే తిప్పి పంపుతారని చెప్పారు.

అప్పుడు నాకు తట్టిన ఉపాయమే ఆ రాట్నం. మల్లాపూర్ దిక్కున గుట్ట కింద జరిగే జాతరకు అది ఏటా వచ్చేది. నాలుగుసార్లు ఎక్కి తిరిగితే ఎత్తు అలవాటైపోతుంది, ఇక ఏ మేడైనా ఎక్కవచ్చు అనుకున్నాను. నవ్వకండి, దుబాయి పోయే ముందు అట్లా అనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. మా దిక్కు చాలామంది ఆ యేడు గుండె గట్టి చేసుకోవడానికి దాని ముందు వరుస కట్టారు. నేను మాత్రం విహారం అని చెప్పి అక్కను, బావను, పిల్లలను వెంటబెట్టుకుని పోయాను. అక్క గారెలు చేసి మూట కట్టింది. గాజుల దుకాణాలు, చెరుకు రసం బండ్లు, డప్పులు, ధూళి. రాట్నం మూడు తాటిచెట్ల ఎత్తుండేది. సరే, ఒక తాటిచెట్టంత. అది కూడా ముదురు చెట్టు కాదు.

నేనూ బావా ఒక తొట్టిలో కూర్చున్నాం. మొదటి చుట్టులో కళ్ళు మూసుకుని దేవుళ్ళను తలుచుకున్నాను. రెండో చుట్టులో మేము సరిగ్గా కొసకు చేరగానే డీజిల్ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

గాలికి తొట్టి ఊగుతోంది. తలపైన బోల్టు కిర్రుమంటోంది. ఒక్కసారి కళ్ళు తెరిస్తే కింద అక్క వేలెడంత కనిపించింది, దూరంగా నీళ్ళు లేని చెరువు తెల్లగా నోరు తెరుచుకుని ఉంది. అరగంట ఉన్నాం అని అందరికీ చెబుతాను, ఇంజనువాడు ఒక బీడీ కాల్చుకుని డీజిల్ పోసేంత సేపు ఉన్నామేమో. నేను బావ చొక్కా రెండు చేతులా పట్టుకుని ఏడ్చాను. కొత్త ప్యాంటు తడిసింది. అది కూడా ఒప్పుకుంటున్నాను.

"ఏమైందిరా, గట్ల ముడుసుకున్నవ్? కండ్లు తెరువు."

"బావా, నాకు చెట్టెక్కరాదు. ఒక్కనాడు గూడ ఎక్కలే."

"మరి ముప్పై చెట్లంటివి గదరా!"

"అన్నీ ఉత్త మాటలే. పడిపోతం బావా, నన్ను పట్టుకో."

బావ కూడా ఇనుప కడ్డీని గట్టిగా కరుచుకుని ఉన్నాడని అప్పుడు చూశాను. మెల్లగా, "నిన్ను నమ్ముకునే గద బామ్మర్ది నేను పాస్‌పోర్టిచ్చింది" అన్నాడు.

ఎత్తు కంటే ఆ మాటకు ఎక్కువ భయపడ్డాను. నా గొప్పలు నమ్మి ఈ మనిషి ఏ మేడ మీది నుంచో జారిపోతే అక్కకు ఏ ముఖం చూపించాలి? బావ మెడలోని తువ్వాల తీసి నన్ను కడ్డీకి కట్టేశాడు. "కిందికి సూడకు, నా మొఖం సూడు" అన్నాడు. చూస్తూనే ఉన్నాను, దిగేదాకా.

దిగగానే నన్ను పక్కకు లాగి, ఒక గోళీసోడా కొని సగం తాగి మిగతా సగం నా ప్యాంటు మీద గుమ్మరించాడు. అక్క పరుగెత్తుకొస్తే, "నీ తమ్మునికి సోడా తాగుడు గూడ రాదే. గాని పైన మాత్రం లేసి నిలవడి తల దువ్వుకున్నడు!" అన్నాడు. అవును, ఆ దువ్వెన ముచ్చట బావ నా పరువు కోసం కల్పించింది. నేను నలభై ఏళ్ళుగా దాన్ని నాదిగా వాడుకుంటున్నాను.

తిరుగు బస్సులో అక్క నిద్రపోయాక బావ నా చెవిలో, "వణికేటోళ్ళు ఇద్దరెందుకురా, ఒక్కడు సాలు. నేను పోత, నువ్వు అక్కను సూసుకో" అన్నాడు. వద్దనాలి. అనలేదు, పైగా లోపల ఎక్కడో ప్రాణం కుదుటపడింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా సిగ్గయిన చోటు అదే. బావ ఏజెంటుతో ఏం చెప్పాడో, బాపుతో మాత్రం వీసా ఒక్కటే వచ్చిందని చెప్పి పోయాడు. బొంబాయి పరీక్ష ఎట్లాగో దాటి, దుబాయి నుంచి రెండిళ్ళకూ డబ్బు పంపాడు. బాపు చెట్టు దిగాడు.

నేను తంగళ్ళపల్లిలో అక్క ఇంట్లో ఉండి, సాంచాలు ఆడిన రోజున బావ చేసిన చోటే కూలి చేశాను. అప్పటి నుంచి మొదలైంది అసలు భయం. ఫోను బూత్ నుంచి మా ఇంటికి పిలుపు వస్తే చెప్పులు వేసుకోవడం మరిచి పరుగెత్తేవాణ్ణి. పక్కూరికి ఒకసారి పట్నం నుంచి వ్యానులో దుబాయి పోయినవాడి శవపెట్టె వచ్చింది. అక్కను చూడనీయకుండా తలుపు మూసి, ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది, బియ్యం అయిపోయాక కూడా.

మూడేళ్ళకు బావ సెలవు మీద వచ్చాడు, ఎండకు మాడిపోయి, ఒళ్ళంతా చేవదేరి. నా సంబరం కొద్దీ మళ్ళీ అందరినీ ఆ జాతరకే తీసుకుపోయాను. రాట్నం తిరుగుతోంది, పిల్లలు బావ చేతులు పట్టి లాగుతున్నారు. ఆయన దాన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, "సెలవులల్ల గూడ ఎక్కుడేనా బామ్మర్ది?" అన్నాడు. చెప్పులు విడిచి, అక్కడే దుమ్ములో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

నేను కూడా పక్కన కూర్చున్నాను. చుట్టూ చూస్తే, ఒకప్పుడు మాతో తోసుకుంటూ వరుసలో నిలబడ్డ మా ఈడు మగవాళ్ళు ఎవరూ లేరు. పిల్లల్ని ఎక్కించి దింపుకునేది ఆడవాళ్ళూ ముసలివాళ్ళే. ఆ తరువాత మా దిక్కు జాతరలన్నీ అట్లాగే అయ్యాయి. బావ ఇంకో తొమ్మిదేళ్ళు పోయి వచ్చాడు, ఏ మేడ మీది నుంచీ పడలేదు. తంగళ్ళపల్లిలో మేడ కట్టాడు. మెట్లున్నాయి, పైన గాలి బాగా వస్తుంది, కానీ ఆయన ఇప్పటికీ పైకి పోడు. నేను పోయినప్పుడల్లా ఇద్దరం వాకిట్లో నేల మీదనే కూర్చుంటాం. ఎక్కడికన్నా సరదాగా పోయొద్దామా బావా అంటే, కూసో రా, గీడనే మంచిగున్నది అంటాడు.