నీలం చుక్క కదలలేదు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. ఇంట్లో మతి తప్పిన పెద్దమనిషి ఉన్నవాళ్ళు మరీ దగ్గరికి రండి. గుంటూరు వెళ్ళిన ఆ సోమవారం సంగతి చెబుతాను.

మా ఇంటాయన దావీదుకు రెండేళ్ళుగా గుర్తులు పోతున్నాయి. బస్సు కనబడితే ఎక్కేస్తాడు. అందుకని మా కోడలు ఆయన జేబులోని ఫోనులో ఒక ఆప్ పెట్టింది. ఆయన ఎటు పోతే మా మరిది ప్రసాదు ఫోనులో నీలం చుక్క అటు జరుగుతుంది. దాంతో ఒకసారి దొరికాడు కూడా. చిక్కల్లా, అది ఛార్జింగు తాగేస్తుంది. మధ్యాహ్నానికల్లా ఫోను చస్తుంది.

ఆసుపత్రిలో చూపించడానికి ముగ్గురం ప్రత్తిపాడులో ఎనిమిది గంటల బస్సెక్కాం. ఆధారు కార్డు చూపిస్తే ఆడమనిషినని నాకు డబ్బుల్లేని సున్నా టికెట్టు, వాళ్ళిద్దరికీ ప్రసాదు తీశాడు. రాత్రంతా కరెంటు లేదు. ఆయన ఫోనులో సగం కూడా లేదు, సాయంత్రం దాకా ఎలా వస్తుందా అని ప్రసాదు పైకే అనుకున్నాడు. ఇక బస్సులో తలా ఒక సలహా. ముందు సీట్లోని పురుగుమందుల కొట్టాయన ఛార్జింగు మిగిల్చే ఆప్ ఒకటి చెప్పాడు, వెనకాయన ఇంకోటి చెప్పాడు. పక్కనున్న కాలేజీ అమ్మాయి మాత్రం, "రెండెందుకు బాబాయ్? వెలుతురు తగ్గించి, వాడనివి తీసేస్తే చాలు" అంది.

"మిరపకి ఒక్క మందుతో పురుగు చస్తుందా అమ్మా? రెండూ కలిపి కొడితేనే" అన్నాడు ప్రసాదు. బస్సంతా నవ్వింది. మా ఆయనా నవ్వాడు. మా వైపు అంతే, డ్రమ్ములో రెండు మూడు మందులు కలపనిదే ఎవరికీ నమ్మకం కుదరదు. గుంటూరు బస్టాండు వచ్చేసరికి రెండూ మా ఆయన ఫోనులోకి దిగాయి. ఫోనులో వేటిని నిద్రపుచ్చమంటావని అవి అడిగితే, అన్నీ అని నొక్కాడు ప్రసాదు.

ఆసుపత్రిలో ప్రసాదు టీ తేవడానికి వెళ్ళాడు. నేను చీటీ రాయించుకుని తిరిగేసరికి బల్ల మీద ఆయన లేడు. అప్పటికి పదిన్నర.

ప్రసాదు తన ఫోను చూసి, "కంగారుపడకు వదినా. అన్న బస్టాండులో కూర్చున్నాడు, చుక్క కదలడం లేదు" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది. ఆటోలో వెళ్ళాం. చుక్క ఉన్న చోట ఎవరో తల్లి పిల్లకి ఇడ్లీ తినిపిస్తోంది. గంటకు పైగా ఆ చుక్క చుట్టూనే తిరిగాం. ఫోను చేస్తే మోగుతోంది. ఆయన ఎత్తడు, ఎత్తడం ఎప్పుడో మరిచిపోయాడు.

పన్నెండు దాటాక ఎవరో ఎత్తారు. చిలకలూరిపేట బస్టాండు నుంచి ఒక కండక్టరు. సీట్లో ఫోను దొరికింది, మనిషి లేడన్నాడు. మేం పొద్దున గుంటూరులో దిగినప్పుడే ఆ కొత్త ఆప్‌లు చుక్కను కూడా నిద్రపుచ్చేశాయని అప్పుడు తెలిసింది. అది ఎప్పటి జాడో చిన్న అక్షరాల్లో కింద ఉంటుందట. మేమెవరమూ చూడలేదు.

పేటకు గంట పైనే పట్టింది. కండక్టరు మా కోసం ఆగి ఉన్నాడు. "టికెట్టు పేటకే తీసుకున్నాడమ్మా. మధ్యలో పత్తిచేలు చూసి, కూలికి పొద్దెక్కిపోయింది, మేస్త్రీ తిడతాడు, ఆపమన్నాడు. మాటలో తేడా ఏమీ లేదు, ఆపాను" అని తల దించుకున్నాడు. ఫోను నా చేతిలో పెట్టాడు. ఛార్జింగు పెద్దగా తగ్గనేలేదు.

వెనక్కి వస్తూ, కండక్టరు చెప్పిన ఆ చేల దగ్గర దిగాం. పత్తి, పక్కన మిరప, మళ్ళీ పత్తి. ఎటు చూసినా అంతే. తెల్లచొక్కా పెద్దాయన వచ్చి తమతో ఒక సాలు ఏరాడని, తర్వాత ఎటు పోయాడో చూడలేదని ఒక కూలి మనిషి చెప్పింది. ఆయన ఏరిన పత్తి ఆమె ఒడిలోనే ఉంది. చీకటి పడేదాకా పేరు పెట్టి పిలుస్తూ తిరిగాం. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయించి ఆఖరి బస్సెక్కాం.

ప్రసాదు దారంతా కిటికీకి ముఖం ఆనించి బయటి చీకట్లోకే చూశాడు. అతన్ని ఏమని తప్పుపడతాను? అన్న కోసమేగా ఆ ఆప్‌లు వేశాడు.

ఆ చేలల్లో ఇప్పుడు పత్తికట్టె కూడా పీకేశారు. ఆయన జాడ లేదు. మీరు ఏ ఆప్ అయినా వేసుకోండి, అది దేన్ని నిద్రపుచ్చుతుందో అడిగి వేసుకోండి. మనిషి జాడ చెప్పేదాన్ని మటుకు మెలకువగా ఉంచండి. మీ ఇంట పొద్దున గడప దాటిన ప్రతి ఒక్కరూ పొద్దుగూకేసరికి అన్నం దగ్గర కూర్చునేలా ఆ ప్రభువు దీవించుగాక.