నడుమ రుద్రూర్ లేదంటవా?

మా ప్రాజెక్టు సారు పోయారు. పొద్దున బోధన్ నుంచి ఫోన్ రాగానే ఏడుపుకంటే ముందు నాకు ఆయన నవ్వు గుర్తొచ్చింది. నిజామాబాద్ కాలేజీలో మాకు ఎంటెక్ చెప్పిన మనిషి. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని ఎవరన్నా అంటే, "చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధనోన్ని, చక్కెరకు భయపడతనా?" అనేవారు.

నా ప్రాజెక్టు సెల్ టవర్‌లో వాడే ఫిల్టర్. లోపల గదులున్న చిన్న లోహపు డబ్బా అది. వచ్చిన తరంగాల్లో తనకు కావాల్సిన పౌనఃపున్యాలనే వదిలి మిగతావాటిని ఆపేస్తుంది. అదెలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో చూడాలంటే ఒక్కో పౌనఃపున్యానికీ లెక్క మొదటినుంచీ కట్టాలి. మా ల్యాబు కంప్యూటరేమో నత్తకు మేనమామ. సోమవారం పరీక్షలో గ్రాఫ్ చూపించకపోతే నాకు ఏడాది పోయినట్టే. తొందరలో దూరందూరంగా ఉన్న పౌనఃపున్యాలకే లెక్కలు కట్టించాను. గ్రాఫ్ చదునుగా వచ్చింది, ఫిల్టర్ వదిలేచోట లేవాల్సిన శిఖరం ఒక్కటీ లేదు.

"నా ఫిల్టర్ పనిచేస్తలేదు సార్" అన్నాను.

సారు పగలబడి నవ్వారు. "బస్సుల వర్ని కాడ కండ్లు మూసుకొని బోధన్ల తెరిస్తివి బిడ్డా. నడుమ రుద్రూర్ లేదంటవా?"

కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. కొన్ని చోట్లే లెక్క కట్టించి, ఆ చుక్కల గుండా రెండు రకాల సూత్రాలతో రెండు గీతలు గీయించారు. "గీ రెండు ఏడ కొట్లాడుకుంటున్నయో గాడికి పో. కలిసి ఉన్నకాడ నీకేం పని?" తగాదా ఉన్నచోటే కొత్త లెక్క, మళ్లీ గీతలు. మధ్యాహ్నం చాయ్ వేళకు రెండు గీతలూ ఒకటైపోయి, సూదుల్లాంటి శిఖరాలు నిలబడ్డాయి. ల్యాబులో మేం పోట్లాడుకున్నా ఆయనది ఇదే పద్ధతి, మేం ఒప్పుకున్న సంగతులు విననే వినేవారు కాదు.

సోమవారం బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ గ్రాఫ్ చూసి పెదవి విరిచారు. "ఇంత తక్కువ లెక్కలతో వచ్చిన గీతను ఎలా నమ్మాలి?"



"నమ్మకుండ్రి సార్" అన్నారు వెనకనుంచి మా సారు. "మీకు నచ్చినకాడ వేలు పెట్టుండ్రి. మా బిడ్డ గాడ లెక్క కట్టి సూపిస్తది."

ఎగ్జామినర్ సరిగ్గా ఒక శిఖరం అంచునే వేలు పెట్టారు. కంప్యూటరు తన తీరున తాను ఆలోచించింది. చివరికి పడిన చుక్క గీత మీదే కూర్చుంది. నేను పాసయ్యాను. ఈరోజు తింటున్న అన్నం ఆ చుక్క పెట్టిందే, ఆ చుక్క సారు పెట్టిందే.

సాయంత్రం బస్టాండు దగ్గర చెరుకురసం తాగించారు. సంతోషంలో తను తాగడం మరిచిపోయి, గ్లాసులో వేలు ముంచి బల్ల మీద ఆ గ్రాఫంతా మళ్లీ గీశారు. మాటల్లో పడి మేం చూడనే లేదు, తేనెటీగలు వచ్చి శిఖరాల మీద వాలాయి. సారు మెల్లగా వేలు వెనక్కి తీసుకున్నారు. వాటిని తోలకుండా, నవ్వుతూ, బస్సు వచ్చేదాకా వంగి చూస్తూనే ఉన్నారు.