ఒంటె పళ్ళు చూపించిన లైటు

ముందు పోయినవి చెబుతాను, తర్వాత కథ. అరచేతిలో ఇమిడిపోయే ఒక్క జేబు లైటు వల్ల ఒక చలికాలం సాయంత్రం మా గదివాళ్ళకు జరిగిన నష్టం ఇది: ఒక దబర కోడి పలావు, దాన్ని నమ్ముకుని పొద్దున్నించీ పస్తున్న మూడు కడుపుల ఆశ, ఏ పాపమూ ఎరగని ఒక ఒంటె నిద్ర, మా వంటాయన శివయ్యకు నామీద ఉన్న గౌరవం (అది మొదటినుంచీ కొంచెమే అనుకోండి), మస్తానన్న పైవరస పళ్ళు, మొత్తం పద్నాలుగు. లైటు మాత్రం పోలేదు. దాని మీద గీత కూడా పడలేదు. ఇప్పటికీ నా పెట్టెలో నిక్షేపంగా ఉంది. ఇలాంటివాటికే దేవుడు ఆయుష్షు గట్టిగా రాస్తాడేమో.

అప్పట్లో నేను అరబ్బు దేశంలో హుఫూఫ్ అనే ఊళ్ళో కట్టుబడి సామాన్ల గోదాములో స్టోర్‌కీపర్ని. పదో తరగతి లెక్కల్లోనే తప్పినవాణ్ణి. ఆ కసి కొద్దీ పాత పుస్తకాలు తెచ్చుకుని లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నేర్చుకున్నవాడు గమ్మున ఉంటాడా? కనిపించినదాన్నల్లా భాగించేవాణ్ణి. ఉల్లిపాయలు కొన్నా పొట్టు బరువు తీసేసి ధర కట్టేవాణ్ణి. గదిలో నన్ను చూసి జనం ఎందుకు తప్పుకుపోతున్నారో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది.

చలికాలంలో గురువారం డ్యూటీ అయ్యాక ఖర్జూరం తోటలు దాటి ఇసుకలోకి పోయి వండుకుని తినడం మా గదికి అలవాటు. తలా ఒక పని. మస్తానన్న కారు తెస్తాడు, శివయ్య వండుతాడు, లైటు నా వంతు. పాత లాంతరు చచ్చిపోయింది. పైగా ఈసారి మామూలు ప్రయాణం కాదు. శనివారం మస్తానన్న సెలవు మీద ఇంటికి పోతున్నాడు. కరోనాతో విమానాలు ఆగిపోయి, మూడేళ్ళ తర్వాత దొరికిన సెలవు.

ఆయనది రాయచోటి వైపు. ఒక ఇంట్లో డ్రైవరు. గుట్కా పుణ్యమా అని పైపళ్ళు ఒకటొకటే రాలిపోయి, మిగిలినవి ఆ ముందటేడు డాక్టరు పీకేశాడు. అప్పటినుంచి భార్యతో వీడియోలో మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం. లేకపోతే ఫోను పైకప్పుకు తిప్పి, కెమెరా చెడిపోయిందనేవాడు. ఆ వారమే కట్టుడు పళ్ళు వచ్చాయి. అద్దం ముందు నిలబడి కొత్త పెళ్ళికొడుకులా నవ్వుకునేవాడు.

"వదినకు ఫోన్‌లో చూపించన్నా," అన్నాను.

"ఫోన్‌లో కాదబ్బీ. ఇంటికి పొయ్యి, ఎదురుగా నిలబడి, నోరు నిండా నవ్వుతా. ఆ యమ్మ మొగం సూడాల నేను."

ఇక లైటు సంగతి. సూక్‌లో, అంటే అక్కడి బజారులో, జబ్బార్ భాయ్ అని హైదరాబాదాయన దుకాణం ఉండేది. రెండు లైట్లు గాజుబల్ల మీద పెట్టాడు. పొడవూ ఒకటే, ధరా ఒకటే, అరవై రియాళ్ళు.

"చూడన్నా, ఇది ఫ్లడ్. బిందెడు నీళ్ళు కుమ్మరించినట్టు వెలుగు చుట్టూత పరుచుకుంటది. దూరం పోదు. ఇది త్రో. ఈటె లెక్క దూరం పోతది, పక్కన ఏముందో చూపియ్యది."

నేను డబ్బాల మీది అంకెలు చదివాను. ఫ్లడ్ ఎనభై మీటర్లు. త్రో ఆరు వందల మీటర్లు. నా మెదడు వెంటనే భాగించింది. దీంట్లో రియాలుకు మీటరున్నర కూడా రాదు. దాంట్లో నికరంగా పది మీటర్లు!

"త్రో ఇవ్వు భాయ్."

"ఏం పనికన్నా?"

"ఎడారిలో వంటకి."

జబ్బార్ భాయ్ డబ్బా ఇవ్వబోయిన చెయ్యి ఆపాడు. "అన్నం గిన్నె ఆరు వందల మీటర్ల దూరంల పెడ్తరా?"

"లెక్క నీకు తెలీదులే భాయ్," అన్నాను. చూశారా, ఎంత ధీమాగా అన్నానో! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఎడారికి చేరేసరికి పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ అయిపోయి చీకటి పడింది. చలిగాలి మొదలైంది. నేను లైటు పట్టుకుని పొయ్యి పక్కన నిలబడ్డాను. దబరలో రూపాయి బిళ్ళంత చోట పగలు, మిగతాదంతా అమావాస్య.

"ఏందప్పా ఇది?" అన్నాడు శివయ్య. "ఒక్క కోడిముక్క కనపడతాండాది. మిగిలిన పలావు యాడికి పాయె?"

"కింద ఉంటుందిలే. ఎంత తెల్లటి వెలుగో చూడు."

"వెలుగు తిని పడుకుంటామా? ఉప్పు యాడుండాదో సూపీ."

ఉప్పు డబ్బా మీదికి తిప్పాను. ఉప్పు దొరికింది, దబర మాయమైంది. మళ్ళీ దబర మీదికి తిప్పేసరికి శివయ్య కళ్ళలో పడింది. ఆయన కళ్ళు మూసుకుని, చేతి అంచనాతో వేశాడు. వేశాడో లేదో తనకే తెలియక మళ్ళీ వేశాడు. రుచి చూసి, నోటిలోది ఇసుకలో ఊసి, గరిటె కింద పెట్టి కూర్చుండిపోయాడు. సముద్రంలో ఉడికించినా అంత ఉప్పు పట్టదు.

"పోనీలే," అన్నాడు మస్తానన్న. ఆయన మంచితనం అలాంటిది. "ఉప్పో పప్పో, ఏడాది తర్వాత కోడికాలు నములుతాండా. ఇట్టియ్యి."

నమిలాడు. మొదటి ముక్క, రెండో ముక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందమనుకున్నాను, ఉప్పు అయ్యుంటుంది. మూడో ముక్కకు మిరియం గొంతుకు అడ్డం పడింది. పొలమారింది. ఒక దగ్గు, రెండో దగ్గు, మూడో దగ్గుకు పైవరస మొత్తం నోట్లోంచి లేచి చీకట్లోకి ఎగిరిపోయింది.

పొయ్యి మీద అప్పుడే ఇసుక కప్పేశాం, నిప్పు కూడా లేదు. శివయ్య ఫోను తీసి దాని లైటు వెలిగించబోయాడు.

"ఆర్పు! ఆ గుడ్డిదీపం నా వెలుగును చెడగొడుతుంది. ఎవరూ కదలొద్దు!" అని గర్జించాను. నేలను మనసులోనే గళ్ళుగా విభజించుకుని వెతుకులాట మొదలుపెట్టాను. తెల్లగా మెరిస్తే వంగాను. గులకరాయి. ఇంకోటి, ఉల్లిపాయ ముక్క. ఇంకోటి, కోడి ఎముక. ఆ సూది వెలుగు నేలనుంచి ఎగిరి నా కళ్ళలోనే గుచ్చుకుని, పక్కన ఏముందో అసలు కనిపించడం లేదు.

"దొరికినాయా?" అన్నాడు మస్తానన్న. పళ్ళు లేక సగం మాట గాలే.

"ఉండన్నా, దూరం పడ్డాయేమో," అని లైటు పైకెత్తాను.

ఎక్కడో దిబ్బ మీద పడుకున్న ఒంటె ఒకటి ఆ వెలుగుకు ఉలిక్కిపడి లేచి, మావైపు తిరిగి నోరు తెరిచి అరిచింది. అబ్బ, ఏం లైటండీ! అంత దూరంలో ఒంటె పళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. పచ్చగా, బలంగా, నిండు వరస.

"పళ్ళు కనపడినాయి!" అని అరిచాను.

"యాడ?" అని మస్తానన్న లేచాడు.

"నీవి కాదన్నా."

ఆ సిగ్గుకు ఒక అడుగు వెనక్కి వేశాను. కాలికి స్టీలు ముక్కు బూటు. శివయ్య పక్కకు దొర్లించిన పొయ్యి రాయి మీద బూటు పడి, పటుక్‌మంది. అటువంటి చప్పుడు వినకూడదు. శివయ్య నా మాట వినడం మానేసి ఫోను లైటు వెలిగించాడు. మెత్తటి వెలుగు చుట్టూ పరుచుకుంది. దబర, ముగ్గురి మొహాలు, పరిచిన చాప, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. నా బూటు కింద పళ్ళ వరస కూడా. ఒకటిగా లేదు.

మస్తానన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. జేబురుమాలు పరిచి ముక్కలు ఏరుకున్నాడు. దారి పొడుగునా ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కారు శివయ్య నడిపాడు.

"ఎల్లుండి పోతాండా ఓబులేసూ," అన్నాడు చివరికి నాతో. "ఈ నోటితో ఆ యమ్మకు ఏం సూపియ్యాల?"

అక్కడన్నా నోరు మూసుకోవాల్సింది. నేను మళ్ళీ లెక్క వేశాను. "కరోనా రోజులే కదన్నా. మాస్కు తియ్యొద్దన్నారని చెప్పు. రెండు వారాలు వేరే గదిలో ఉండి ఒక్కడివే తిను, ఎవరూ అనుమానపడరు. ఆలోపు కడపలో పళ్ళు కట్టించుకో. వదినకు తెలిసే ప్రశ్నే లేదు."

"నీ లెక్క తప్పదు కదా?"

"ఎప్పుడైనా తప్పిందా?"

ముందు సీట్లోంచి శివయ్య దగ్గాడు. నేను పట్టించుకోలేదు.

మస్తానన్న వెళ్ళిపోయాడు. వారం దాటి మరో నాలుగు రోజులకు నా ఫోను మోగింది. తెర మీద వదిన. ఎప్పుడూ "ఏం మరిదీ" అని నవ్వే మనిషి ఆరోజు నవ్వలేదు.

"ఏమప్పా ఓబులేసూ, ఆ రోగం నాటకం నువ్వే నేర్పినావంట?"

"వదినా, పళ్ళు నేను కట్టిస్తా. ఖర్చంతా నాదే."

"పళ్ళు ఎవురిగ్గావాల? ఏడాదిగా ఆ మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని మాట్లాడె. గుట్కా నమిలిన నోరు. నాకు ఏ జబ్బు గుర్తొచ్చింటాదో నువ్వే చెప్పు. ఇంటికొచ్చినాడు కదా, సూస్తామనుకుంటే మాస్కు తియ్యడు. తలుపు కాడ పళ్ళెం పెట్టి, బయట కూచోని నమిలే సప్పుడు ఇంటాంటి. సప్పుడే రాకపాయె. ఇంగ మింగలేని కాడికి వచ్చినాడనుకుంటి."

నేను పక్కనున్న లైటును దిండు కిందికి తోశాను.

"ఈ పొద్దు, అంటుకుంటే అంటుకోనీ అని తలుపు తోసుకోని పోయి ఎదురుగా కూచుంటి. అప్పుడు తీసినాడు మాస్కు. ఇంతేనా అంటి. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీకపాయె." ఫోను మొహానికి దగ్గరగా తెచ్చింది. "నువ్వు లెక్కల మనిషివి కదా. మూడేండ్లకు వచ్చిన మనిషి నా పక్కన కూచోని తినాల్సిన పూటలు తలుపవతల ఒంటిగా తినె. ఇరవై రెండు పూటలు. పళ్ళొద్దు. అవి కట్టియ్యి."

పళ్ళు కట్టించాను. పలావు మళ్ళీ వండించాను. శివయ్యకు కొత్త లాంతరు కొనిచ్చాను, ఫ్లడ్‌దే. ఒంటెకు ఏమీ ఇవ్వలేకపోయాను, దాని చిరునామా తెలియదు.

ఇక, ఈ లైటు మీద చెయ్యి పెట్టి నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: చూడాల్సింది ఎంత దూరంలో ఉందో తెలుసుకోకుండా లైటు కొనను. మొగుడూ పెళ్ళాల మధ్య ఏది కనబడాలో, ఏది కనబడకూడదో నేను లెక్క కట్టను. కట్టమని కాళ్ళ మీద పడినా కట్టను.

వదిన మాత్రం ఆ బాకీ కొట్టెయ్యలేదు. ఎప్పుడు ఫోను చేసినా ముందు అంకె చెప్పి, ఆ తర్వాతే క్షేమం అడుగుతుంది. వడ్డీ వెయ్యలేదు, తగ్గించనూ లేదు. ఎన్ని రకాలుగా భాగించి చూసినా నా దగ్గర దానికి చెల్లింపు లేదు. ఈ రోజుకీ ఇరవై రెండు పూటలు.